గుండెల మీద కూర్చున్నదెవరు?

"ఈ వయసులో హాయిగా భాగవతం చదువుకోక, ఈ దయ్యాల బొమ్మల పుస్తకాలేమిటి వదినా?" అన్నారు మా మరిదిగారు. అన్నది ఎక్కడో చాటుగా కాదు. పెళ్ళివారింట్లో, పంక్తిలో, నలుగురూ వింటుండగా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నోట్లో పూర్ణం బూరె ఉండటం వల్ల అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. బూరె ఆ రాత్రికే అరిగింది గాని ఆ మాట మాత్రం ఇవాళ్టికీ అరగలేదు. అంచేత ఇక్కడ చెబుతున్నాను. ఆయన ఈ పేజీ తప్పకుండా చదువుతారు. చదివి, చదవలేదంటారు.

ఒక సంగతి ముందే ఒప్పేసుకుంటాను. మరిదిగారు అన్నమాట మొదట నేనే అన్నాను, అదీ మా అమ్మాయితో. అది మిలాన్ లో ఉద్యోగం చేస్తోంది. దాని పురిటికి వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చాను. వాళ్ళ వీధి మలుపులో మన కిళ్ళీకొట్టంత దుకాణం ఒకటుంది, పేపర్లూ పత్రికలూ అమ్మేది. అల్లుడు పాలకని వెళ్ళి, పాలతోపాటు అక్కణ్ణించి ఒక బొమ్మల పుస్తకం తెచ్చి దాని పక్కలో పడేశాడు. అట్టమీద ఒక సమాధీ, అందులోంచి ఒక చెయ్యీ! "బాలింతరాలు చదవాల్సిన పుస్తకమేనా ఇది? పసిపిల్ల పక్కనుండగా?" అని కేకలేశాను. అది నవ్వి, "అమ్మా, కూచుని విను, చదివి చెబుతాను" అంది. నేను చారులోకి మిరియాలు దంచుతూ, మనసు సగం పొయ్యి మీద పెట్టి వినడం మొదలెట్టాను. కాసేపటికి రోలు ఆగిపోయింది. చారు సంగతి అడక్కండి.

పుస్తకం పేరు డిలన్ డాగ్. 1986 అక్టోబరు సంచికతో మొదలైంది. నెలకొక పుస్తకం, పుస్తకానికొక కథ, దాదాపు వంద పేజీలు, అన్నీ నలుపు తెలుపు బొమ్మలు. రాసినాయన తిత్సియానో స్క్లావి. మొదటి సంచికకి బొమ్మలు వేసినాయన ఆంజెలో స్తానో. వేసేది మిలాన్ లోని సెర్జో బొనెల్లి ప్రచురణ సంస్థ. హీరోకి పేరు డిలన్ థామస్ అనే కవి నుంచీ, మొహం రూపర్ట్ ఎవరెట్ అనే ఇంగ్లీషు నటుడి నుంచీ వచ్చాయిట. రాసినవాళ్ళు ఇటలీవాళ్ళయినా కథ జరిగేది లండన్ లో. దయ్యాలకి పొగమంచు కావాలి కదా మరి!

ఈ డిలన్ ఒకప్పుడు స్కాట్లండ్ యార్డు పోలీసు. ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధన పెట్టుకున్నాడు. అందరిలాంటి పరిశోధకుడు కాడు. తన వృత్తిని పీడకలల పరిశోధన అంటాడు. నగలు పోయాయనో, మొగుడు ఎక్కడ తిరుగుతున్నాడో కనిపెట్టమనో వస్తే పనికిరాదు. ఎవరూ నమ్మని కేసులు ఆయనకి కావాలి.

మన డిటెక్టివులు ఎలా ఉంటారు? సూటూ, బూటూ, పిస్తోలూ, చూపులోనే సగం కేసు తేలిపోవడం. ఈయన్ని చూడండి. ఎత్తు చూస్తే భయం. విమానం ఎక్కాలంటే భయం. ఇరుకు గదిలో ఉండలేడు. గబ్బిలం కనపడితే కెవ్వుమంటాడు. ఒకప్పుడు తాగుడుకి బానిస, ఇప్పుడు చుక్క ముట్టడు. మాంసం తినడు. ఎప్పుడు చూసినా అదే ఎర్ర చొక్కా, అదే నల్ల కోటు. చేతిలో డబ్బు నిలవదు. సహాయకుడికి జీతం బాకీ. ఒక పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ఉంది. ఖాళీ ఉంటే క్లారినెట్ మీద తార్తీనీ రాసిన సొనాటా ఒకటి వాయిస్తుంటాడు, నిజానికి అది వయొలిన్ కోసం రాసింది. కాకపోతే కర్రముక్కలతో బొమ్మ ఓడ ఒకటి కడుతుంటాడు. ఆ ఓడ ఎప్పటికీ పూర్తవదు. మావారి ఇన్‌కమ్‌టాక్సు కాగితాల్లాగ అన్నమాట.

ఇంటి గంట నొక్కితే గంట మోగదు, కెవ్వుమని అరుస్తుంది. తలుపు తీసేది గ్రౌచో. పాతకాలపు అమెరికన్ హాస్యనటుడు గ్రౌచో మార్క్స్ కి అచ్చు నకలు, అదే మీసం, అదే చుట్ట. శవం లేచి కూర్చున్నా సరే, ఒక పనికిమాలిన జోకు వెయ్యందే ఊరుకోడు.

ఇంతవరకూ వింటే మీరూ మా మరిదిగారిలా నవ్వొచ్చు. నవ్వండి. ఇప్పుడు మొదటి సంచికలో ఆ ఇంటి గంట నొక్కిందెవరో చెబుతాను.

సిబిల్ బ్రౌనింగ్ అనే ఆవిడ. ఆవిడ భర్త చచ్చిపోయాడు. చచ్చినవాడు లేచి ఆవిడ మీదికి వచ్చాడు. ప్రాణం దక్కించుకోడానికి ఆవిడ అతన్ని మళ్ళీ చంపింది. ఈ సంగతి లోకానికి చెబితే ఏమంటుంది? చచ్చినవాణ్ణి చంపానంటే ఏ పోలీసు నమ్ముతాడు? మొగుణ్ణి చంపి కట్టుకథ అల్లుతోందన్నారు. ఆవిడ డిలన్ దగ్గరికి వచ్చింది. ఆయన కుర్చీ చూపించాడు. కూర్చున్నాడు. విన్నాడు. "మీరు బాగా అలిసిపోయారమ్మా, నిద్రమాత్ర వేసుకోండి" అనలేదు. "పెద్దవాళ్ళెవరూ వెంట రాలేదా?" అనలేదు. పదమంటూ బయల్దేరాడు.

మా అమ్మాయి అక్కడ పేజీ తిప్పబోతుంటే, "ఆగు, ఆ బొమ్మ మళ్ళీ చూపించు" అన్నాను. దయ్యం బొమ్మ కాదండీ. ఒక ఆడమనిషి మాట్లాడుతోంది, ఒక మగమనిషి వింటున్నాడు. ఆ బొమ్మ.

పీడకలకి ఇటాలియన్ లో ఇంకుబో అంటారుట. అది లాటిన్ నుంచి వచ్చిన మాట. మీద పడుకునేది, మీద కూర్చునేది అని అర్థంట. నిద్రపోతున్నవాళ్ళ గుండెల మీద ఎక్కి కూర్చుని ఊపిరాడనివ్వని భూతం పేరు అది. ఆ పేరే పీడకలకి పెట్టుకున్నారు. అమ్మాయి ఈ ముక్క చెప్పేసరికి నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే అదే మాట నేను ఇంకొకరి నోట విన్నాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు.

"ఎవరో గుండెల మీద ఎక్కి కూర్చున్నట్టుందే" అనేది మా అమ్మ. రాత్రి ఒంటిగంటకో రెండింటికో లేచి, గోడకి చేరబడి కూర్చునేది. పడుకోలేకపోయేది. పడుకుంటే ఊపిరి అందదనేది. అప్పటికి ఆవిడకి ముప్పయ్యెనిమిదేళ్ళు. మా బామ్మ ఎవరి కళ్ళో పడ్డాయని దిష్టి తీసింది, మండలం రోజులకి తాయెత్తు కట్టించింది. మా నాన్న శాస్త్రీయ దృష్టి గల మనిషి. దిష్టిని నమ్మరు. నరాల బలహీనత అన్నారు. డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ డాక్టరుగారు అమ్మని రెండు ప్రశ్నలు అడిగి, జవాబులు నాన్నని చెప్పమన్నారు. అక్షరాలా అంతే జరిగింది, నేను పక్కనే ఉన్నాను. బి కాంప్లెక్సు రాసిచ్చారు. "ఇంట్లో పని ఎక్కువైనప్పుడు ఆడవాళ్ళకి ఇలాంటి భయాలు మామూలే" అన్నారు. ఛాతీ మీద గొట్టం పెట్టి చూడనైనా లేదు.

పదినెలల తరవాత దగ్గులో రక్తం పడితే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. చిన్నప్పుడెప్పుడో కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిందిట, క్రమంగా మూసుకుపోతూ వచ్చిందిట. ముందే వస్తే ఆపరేషను చేసి తెరిచేవాళ్ళం అన్నారు. అమ్మ ముందే వచ్చింది. ఆవిడ మాటే ఎవరి చెవికీ చేరలేదు.

ఇప్పుడు చెప్పండి మరిదిగారూ. మీరు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. "ఈ పుస్తకాలు మూఢనమ్మకాల్ని పెంచుతాయి" అని మీరంటారు. పూర్వం మనవైపు క్షుద్ర సాహిత్యం మీద మహా రగడ జరిగింది. తులసిదళం వచ్చిన రోజుల్లో ఎవరింట్లో చూసినా అదే చర్చ. చేతబడి నిజమని పిల్లలు నమ్మేస్తారని మీరు అప్పుడూ అన్నారు. అందులో న్యాయం లేదనను. నిమ్మకాయలూ ముగ్గులూ చూపించి సంచికలు అమ్ముకుంటే నాకూ ఒళ్ళు మంటే. కాని మా అమ్మ విషయంలో ఏం జరిగింది? తాయెత్తు కట్టినవాళ్ళూ వినలేదు, టానిక్కు రాసినవాళ్ళూ వినలేదు. నమ్మకమున్నవాళ్ళకీ శాస్త్రమున్నవాళ్ళకీ ఆ ఒక్కదాంట్లో భేదం లేకపోయింది. ఆవిడ నోరు విప్పకముందే ఇద్దరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంది.

డిలన్ దగ్గర ఉండనిది అదే, సిద్ధంగా ఉన్న జవాబు. వచ్చిన ప్రతివాళ్ళ మాటా గుడ్డిగా నమ్మేస్తాడనుకోకండి. అనుమానిస్తాడు, వెటకారం కూడా చేస్తాడు. దయ్యం లేదని తేలిన కథలు బోలెడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు వింటే మీకే నవ్వొస్తుంది. మామూలుగా అందరూ ఆరో ఇంద్రియం అంటారు కదా, ఈయన తనకి ఐదున్నరో ఇంద్రియం ఉందంటాడు! ఆ అరతక్కువే నాకు నచ్చింది. మంత్రగాడికి అన్నీ తెలుసు. డాక్టరుగారికి అన్నీ తెలుసు. ఈయనకి అర తక్కువ, కాబట్టి అడిగి తెలుసుకుంటాడు.

ఇక రెండో ఫిర్యాదు. రక్తం, నరుకుడు, పిల్లలు చూడగూడని బొమ్మలు. ఔను, ఉన్నాయి. పిల్లల చేతికి ఇమ్మని నేననడం లేదు. మా మనవరాలికి నేనూ ఇవ్వను, అదింకా బొమ్మల పుస్తకమంటే నోట్లో పెట్టుకునే వయసులో ఉంది. కాని పెద్దవాళ్ళు ఆ నెత్తురు చూసి మొహం తిప్పుకుంటే, దాని వెనకాల ఉన్నది చూడలేరు. 1993లో జానీ ఫ్రీక్ అని ఒక కథ వచ్చింది, 81వ సంచిక. జానీ అనే కుర్రాడు మాట్లాడలేడు, వినలేడు, కాళ్ళు లేవు. పుట్టుకతో లేవనుకుంటున్నారా? కన్నవాళ్ళే అతన్ని లోకానికి తెలీకుండా దాచి పెంచారు. ఎందుకూ అంటే, ముద్దుల కొడుకు ఇంకొకడున్నాడు, వాడికి ఏ అవయవం అవసరమైతే అది తీసి అమర్చడానికి! ఇందులో పిశాచం లేదు, కొరివిదయ్యం లేదు. మంచి ఇల్లు, మర్యాదస్తులైన అమ్మా నాన్నా. అమ్మాయి చదవలేక మధ్యలో ఆపేసింది. ఒక బిడ్డ కోసం ఇంకో బిడ్డని ఖర్చు పెట్టేయడం మనకి కొత్తా? కొడుకు ఇంజనీరింగు సీటు కోసం కూతురి చదువు ఇంటరుతో ఆపేసిన ఇళ్ళు నాకు పది తెలుసు. కాళ్ళు తియ్యలేదు, నిజమే. ఆ పిల్లలు మాత్రం ఎక్కడికీ నడవలేకపోయారు.

ఇంకో కథలో ఒక మనిషి ఎవరి కంటికీ కనపడడు. 1988లో వచ్చింది. వేల్సు రాసిన పాత నవల్లోలాగ మందేదో తాగి మాయమైనవాడు కాడు. ఏళ్ళ తరబడి ఎవరూ అతన్ని పట్టించుకోలేదు, అలా అలా కనపడకుండా పోయాడు. అంతే! ఈ కథ నాకు వేరే ఎవరూ వివరించి చెప్పనక్కర్లేకపోయింది. పాతికేళ్ళు ఉమ్మడి కుటుంబంలో వడ్డించినదాన్ని.

41వ సంచిక పేరు వినగానే నేను ఉలిక్కిపడ్డాను. గోల్కొండ! "మన గోల్కొండేనా?" అన్నాను. మనదేనట, అయితే చుట్టుతిరిగి వెళ్ళింది. మాగ్రిట్ అనే బెల్జియం చిత్రకారుడు 1953లో ఒక బొమ్మ వేశాడు. నల్లకోట్లు, గుండ్రటి టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు వానచినుకుల్లా ఆకాశం నిండా వేలాడుతుంటారు. దానికి మన వజ్రాల ఊరి పేరు పెట్టారు. ఆ బొమ్మ పేరే ఈ కథకీ వచ్చింది. హైదరాబాదులో ఇన్నేళ్ళున్నాను, ఆకాశంలోంచి పెద్దమనుషులు ఊడిపడటం మాత్రం చూళ్ళేదు. ఎన్నికల రోజుల్లో తప్ప.

సరే, మూడో మాట. "ఇవన్నీ మగపిల్లలు చదివేవి." ఇది మరీ అన్యాయం. బొనెల్లి సంస్థని 1940లలో, భర్తతో విడిపోయాక, ఒంటిచేత్తో నిలబెట్టింది సెర్జో తల్లి తేయా బొనెల్లి. ఆవిడ లేకపోతే కొడుక్కి సంస్థే లేదు. ఇటలీలో డయబాలిక్ అనే దొంగ కథలు ఇంకా ప్రసిద్ధం. వాటిని 1962లో మొదలెట్టింది మిలాన్ అక్కచెల్లెళ్ళు ఆంజెలా, లుచానా జుస్సానీలు. రైళ్ళలో ఆఫీసులకి పోయేవాళ్ళ జేబులో పట్టేటట్టు పుస్తకం కొలత తగ్గించారు. ఆడవాళ్ళ బుర్ర ఎంత లెక్కగా పనిచేస్తుందో చూడండి. డిలన్ కథలు ఎన్నో రాసిన పావోలా బర్బాతో ఆడమనిషి. 2023లో ఈ పత్రిక సంపాదకత్వం చేపట్టిన బార్బరా బరాల్ది ఆడమనిషి. చదివేవాళ్ళ సంగతా? అంతకు ముందు ఇటలీలో బొమ్మల కథలు ఎక్కువగా మగపిల్లలవే. డిలన్ వచ్చాక ఆడపిల్లలు ఎగబడి కొన్నారు. 1990ల మొదట్లో నెలకి లక్షల కాపీలు పోయేవి. పండితుల మాటే కావాలంటే, ఉంబెర్తో ఎకో అంతటివాడు బైబిలూ హోమరూ డిలన్ డాగూ రోజుల తరబడి విసుగు లేకుండా చదవగలనన్నాడు. ఆయన్నే ఒక సంచికలో కొద్దిగా పేరు మార్చి పాత్రగా పెట్టేశారు కూడా. పంక్తిలో ఆయన పేరు నాకు గుర్తొచ్చి ఉంటే ఎంత బాగుండేది!

ఇంత పొగిడాను కదా, తిట్టాల్సింది లేదా? ఉంది. ఈ డిలన్ గారికి నెలకొక ప్రేమ. వచ్చిన ప్రతి అమ్మాయినీ ప్రేమిస్తాడు. మనస్ఫూర్తిగానే, కన్నీళ్ళతోనే. వచ్చే నెలకి ఆ అమ్మాయి ఉండదు. వెళ్ళిపోతుంది, లేకపోతే చచ్చిపోతుంది. చచ్చిపోవడమే ఎక్కువ. ఆడవాళ్ళ మాట వినే మగాణ్ణి సృష్టించిన స్క్లావి గారికి, ఆ విన్న మాట చెప్పినావిణ్ణి కథ చివరిదాకా బతికించడం అంత కష్టమైపోయిందా? హీరోకి దుఃఖం కావాలంటే ప్రతిసారీ ఒక ఆడపిల్ల శవమే కావాలా? అమ్మాయి దీనికి ఏదో సమర్థన చెప్పబోయింది. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను.

అయినా అసలు ఆకర్షణ ఎక్కడుందో తెలియాలంటే, అది లేకుండా చేసినవాళ్ళని చూస్తే చాలు. 2011లో అమెరికావాళ్ళు దీన్ని సినిమా తీశారు. సూపర్‌మాన్ వేషం కట్టిన బ్రాండన్ రౌత్ ని హీరోగా పెట్టారు. లండన్ పోయింది, న్యూఆర్లియన్సు వచ్చింది. గ్రౌచో పోయాడు. అంతకు ముందు ఇంగ్లీషులో వేసిన పుస్తకాల్లోనే పాపం ఆయనకి మీసం గొరిగేసి ఫెలిక్సు అని పేరు మార్చారు, హక్కుల పేచీ వల్ల. సినిమాలో రక్తపిశాచాలున్నాయి, తోడేలు మనుషులున్నారు, కొట్లాటలున్నాయి, కండలున్నాయి. అన్నీ ఉన్నాయి గాని సినిమా ఆడలేదు. ఎలా ఆడుతుంది? అందులో ఎవరూ ఒకచోట కూర్చోరు! అంతకంటే 1994లో స్క్లావి నవలని ఇటలీవాళ్ళు తీసిన సినిమా నయం. అందులో శ్మశానం కాపరిగా వేసింది ఎవరో తెలుసా? రూపర్ట్ ఎవరెట్టే. ఎవరి మొహం చూసి డిలన్ బొమ్మ గీశారో ఆయన.

ఇదీ నా జవాబు మరిదిగారూ. పుచ్చుకున్నా పుచ్చుకోకపోయినా మీ ఇష్టం. భాగవతం కూడా చదువుతున్నాను, ఆ బెంగ మీకక్కర్లేదు.

అన్నట్టు, మా తోడికోడలు మొన్న ఫోను చేసింది. రెండు నెలలుగా మెట్లెక్కితే ఎడమ చెయ్యి లాగుతోందిట, దవడ దాకా పోతోందిట. మీతో చెబితే గ్యాసన్నారుట, వాము నమలమన్నారుట. శనివారం పొద్దున్నే మొదటి బస్సుకి నేను వస్తున్నాను. గుండె డాక్టరు దగ్గర పది గంటలకి చూపించుకోడానికి అల్లుడి స్నేహితుడి చేత పేరు రాయించాను. మీరు కూడా రావచ్చు. అక్కడ కూర్చోవలసి వస్తుంది చాలాసేపు. నా సంచిలో రెండు పుస్తకాలుంటాయి.